కంప్యూటరు తెర చీకటియైనప్పుడు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ వేళ గ్రంథముల ప్రశంస తగును గాని, తీగలును మీటలును ప్రసంగ విషయములగుట యేమని కొందరికి తోచవచ్చును. అయితే నేటి పల్లె గ్రంథాలయమున బీరువాల ప్రక్కనే కంప్యూటరు ఒకటి స్థానమేర్పరచుకొన్నది. చందాదారుల పట్టిక, ఇంటికి తీసికొనిపోయిన పుస్తకముల లెక్క, పిల్లల పరీక్షల దరఖాస్తులు, రైతుల పొలముల కాగితములు, ఇవన్నియు దాని మూలముననే నడచుచున్నవి. దాని తెర నల్లబడిన దినమున గ్రంథాలయము సగము మూతపడినట్లే యగును. కావున ఆ తెరకు వచ్చు చిక్కులను గుఱించియు, వానిని పరీక్షించు తీరును గుఱించియు నాలుగు మాటలు అప్రస్తుతములు కావు.

ఒక పల్లె గ్రంథాలయమున జరిగిన వృత్తాంతము మొదట వినదగియున్నది. గోడలకు సున్నము వేయుటకై బల్లలను, బీరువాలను ఒక ప్రక్కకు జరిపిరి. కంప్యూటరు తీగలన్నియు ఊడదీసి, పని ముగిసిన పిమ్మట మరల తగిలించిరి. మీట నొక్కగా పెట్టెలోని పంకా తిరిగినది, ముందటి దీపము వెలిగినది, తెర మాత్రము నల్లగానే యుండెను. క్షణకాలము ‘నో సిగ్నల్’ అను రెండు మాటలు కనబడి మాయమయ్యెను. ఒక ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పంపుటకు గడువు మరునాటితో ముగియనుండెను. తన ఫొటోను, సంతకమును అంతకుమునుపే ఆ యంత్రమున చేర్చుకొనియున్న బాలిక యొకతె గుమ్మమునొద్ద నిలిచి కన్నీరు పెట్టుకొనెను. పట్టణములోని మరమ్మతుదారుడు ఫోనులోనే, “మదర్‌బోర్డు పోయియుండును, పెట్టె తీసికొని రండు” అని తీర్పు చెప్పెను. కార్యవర్గమువారు ఆ యేటి పుస్తకములకై దాచిన సొమ్మును తీయుటకు సిద్ధపడిరి.

ఆ యంత్రమున చెడిపోయిన వస్తువు ఒక్కటియు లేదు. అది యెట్లు తేలినదో క్రమముగా తెలియగలదు.

భారతమునందు సైంధవవధ ఘట్టమున, సూర్యుడు కనుమఱుగు కాగానే అస్తమించెనని కౌరవులు భ్రమపడిరి. సూర్యుడు ఆకాశముననే యుండెను. తెర నల్లబడగానే లోపలి లెక్కలన్నియు పోయినవని బెంబేలెత్తువారి స్థితియు అట్టిదే. వ్రాసి దాచినదంతయు పెట్టెలోని హార్డ్‌డిస్కునందో, ఎస్.ఎస్.డి.యందో ఉండును. తెర దానిని చూపు కిటికీ మాత్రమే. కిటికీ రెక్క మూసినంతమాత్రమున గాదెలోని ధాన్యము తఱుగదు. కావున తెర నల్లబడిన తత్‌క్షణమే పెట్టె మీటను గట్టిగా నొక్కిపట్టి యంత్రమును ఆర్పివేయుట కూడదు. భద్రపఱచని పని ఏదైన నున్నచో అది పోవునది అట్టి తొందరపాటు చేతనే. మొదట మౌసును కదలించి, కీబోర్డుపై ఒక మీట నొక్కి, అర నిమిషము నిరీక్షింపవలెను. కొంతసేపు ఎవరును ముట్టుకొననిచో యంత్రము తనంత తానే నిద్రించు అలవాటు కలది. చీకటి తెరలలో కొన్ని కేవలము నిద్రలే.

తెరపై ఒక బొమ్మ నిలుచుటకు జరుగు పని కొంత తెలిసినచో పరీక్ష సులువగును. నేడు మిక్కిలి వాడుకలోనున్న తెరయందు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. గుణించి చూచినచో 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్కలో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు భాగములు. ఈ చుక్కల వర్ణములను సాధారణముగా సెకనుకు 60 మారులు క్రొత్తగా వ్రాయుచుండును. అనగా ఒక్క సెకనులో 12,44,16,000 చుక్కల లెక్క. ఈ లెక్క కట్టునది పెట్టెలోని గ్రాఫిక్స్ భాగము, మోయునది తీగ, పఱచి చూపునది మానిటరు. కట్టువానియందైనను, మోయువానియందైనను, చూపువానియందైనను దోషముండవచ్చును. చూచువారికి మాత్రము దోషమెక్కడనున్నను తెరమీదనే కనబడును. అందుచేత నిరపరాధియైన మానిటరు పలుమారులు శిక్షకు పాత్రమగుచున్నది.

చూపువానికి వెలుగు సొంతము కాదనుటయు గమనింపదగినది. 1888లో ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిహ్ రైనిట్జర్ ఒక విచిత్ర పదార్థమును గమనించెను. వేడి చేయగా అది ఒకమారు కరగి మసకగా నుండి, మఱికొంత వేడికి తేటపడెను. ద్రవమువలె ప్రవహించుచు స్ఫటికమువలె ప్రవర్తించు ఆ జాతి పదార్థములే నేటి పలుచని తెరలకు ఆధారము. అవి తలుపువలె తెఱచుకొని మూసికొనుచు వెలుగును వదలునే గాని, తాము వెలుగవు. వెలుగు వెనుకనుంచిన దీపములది. ఆ దీపములు ఆరిపోయినచో బొమ్మ యుండియు కనబడదు. అట్టి సందేహము కలిగినపుడు గది చీకటిచేసి, చేతి టార్చిలైటును తెరపై ఏటవాలుగా పట్టి చూడవలెను. అక్షరములు నీడవలె లీలగా కనబడినచో పెట్టెయు, తీగయు నిర్దోషులు. దీపమునకో, దానికి విద్యుత్తునిచ్చు భాగమునకో చికిత్స కావలెను. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

ఇక ‘నో సిగ్నల్’ అను మాటల అర్థము. వీనిని చూచి మానిటరు చెడిపోయెనని తలచువారు పెక్కండ్రు. నిజమునకు ఆ మాటలు దానికి అనుకూలమైన సాక్ష్యము. “కరెంటు అందుచున్నది, దీపము వెలుగుచున్నది, చూపుటకు సిద్ధముగా నున్నాను, నాకు వార్తయే రాలేదు” అని అది మొఱపెట్టుకొనుచున్నది. ‘ఔట్ ఆఫ్ రేంజ్’ అను మాటలు వచ్చినచో వార్త వచ్చినది గాని, తన శక్తికి మించిన కొలతలతో వచ్చినదని భావము. ఏ మాటయు లేక, మానిటరు మూలనున్న చిన్న దీపము సైతము వెలుగనపుడే దాని కరెంటు తీగను, ప్లగ్గును, యు.పి.ఎస్.ను శంకింపవలెను.

శంకించుటకు ఒక క్రమము కావలయును. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారికి అన్వయ వ్యతిరేకములు పరిచితములే. పొగయున్నచోట నిప్పుండుట అన్వయము. నిప్పు లేనిచోట పొగ లేకుండుట వ్యతిరేకము. యంత్ర పరీక్షయు ఇదియే. మంచిదని తెలిసిన తీగను తెచ్చి పాతదాని స్థానమున తగిలించవలెను. బొమ్మ వచ్చినచో దోషము పాత తీగది. రానిచో తీగకు విముక్తి. పిదప మంచిదని తెలిసిన మానిటరును తెచ్చి చూడవలెను. ఒక మారునకు ఒక్కదానినే మార్చవలెననుట ఇందు ముఖ్యము. తీగను, మానిటరును ఒకేసారి మార్చి బొమ్మ తెప్పించినవాడు పనియైతే చేసికొన్నాడు గాని, తప్పెవరిదో తెలిసికొనలేదు. చిట్టాలో తేడా వచ్చినపుడు రెండు పద్దులను ఒక్కమారుగా దిద్ది మొత్తము సరిపెట్టిన గుమాస్తా కూడ ఇట్టివాడే. ఆ సంవత్సరము గడచును, తప్పు మాత్రము పుస్తకముననే యుండును.

తీగలలో పాతది వి.జి.ఎ. అనునది. 1987లో ఐ.బి.ఎమ్. సంస్థ తెచ్చినది, నీలిరంగు తల, మూడు వరుసలలో పదునైదు సూదులు, ఇరుప్రక్కల బిగించు మరలు. పాత యంత్రములున్నచోట్ల ఇది యింకను కనబడుచునే యున్నది. దీనియందు ఎఱుపు, ఆకుపచ్చ, నీలములకు వేర్వేరు సూదులున్నవి. తొందరగా గ్రుచ్చుటచే ఒక సూది వంగినచో ఆ రంగు తెరనుండి తొలగిపోవును. నీలము పోయినచో తెల్లని కాగితము పసుపు పూసినట్లు కనబడును. ఆకుపచ్చ పోయినచో అంతయు ఊదాకలిసిన గులాబిరంగు. ఎఱుపు పోయినచో నీలియాకుపచ్చ. కామెర్ల కన్నువలె తెర పచ్చబడినపుడు మానిటరును వైద్యునికడకు మోసికొనిపోవుటకు ముందు తీగ ఊడదీసి సూదులు చూచినచో చాలును. వంగినదానిని సన్నని పుల్లతో మెల్లగా నిలువబెట్టవచ్చును. ఒక్క జాగ్రత్త: కొన్ని తీగలకు నడిమి వరుసలో తొమ్మిదవ సూది పుట్టుకతోనే యుండదు. అది విఱిగినదని భయపడ పనిలేదు.

తరువాత వచ్చినవి హెచ్.డి.ఎమ్.ఐ., డిస్‌ప్లేపోర్టు. మొదటిదాని తొలి ప్రమాణము 2002లోను, రెండవదానిది 2006లోను వెలువడినవి. ఇవి బొమ్మను అంకెలుగా మోయును. కావున రంగు వెలియుట అరుదు. వచ్చిన స్పష్టముగా వచ్చును, లేనిచో మిణుకుమిణుకుమనుటయో, నల్లబడుటయో జరుగును. ఒకే మానిటరుకు రెండు మూడు విధముల రంధ్రములున్నపుడు ఏ రంధ్రమునుండి వార్త గైకొనవలెనో దానికి చెప్పవలసియుండును. మానిటరు అంచుననో, అడుగుననో యుండు మీటలతో ‘ఇన్‌పుట్’ లేక ‘సోర్స్’ అనునది తెఱచి, తీగ తగిలించిన రంధ్రమునే యెన్నుకొనవలెను. తీగ ఒక ద్వారమున, చెవి మఱియొక ద్వారమున నున్నచో ఎంత కేకవేసినను వినబడదు.

మొదటి వృత్తాంతమునకు మరలి వత్తము. ఆ గ్రంథపాలకుడు కార్యవర్గమువారిని ఒక రాత్రి ఓపిక పట్టుడని వేడుకొనెను. పాఠశాలనుండి మంచి తీగ తెప్పించి తగిలించెను, తెర పలుకలేదు. పాత తీగను తిరిగి పెట్టి పాఠశాల మానిటరును తగిలించెను. అదియు ‘నో సిగ్నల్’ అనెను. తీగకును, మానిటరుకును విముక్తి లభించినది. మిగిలినది పెట్టె. దానిని వెనుకకు త్రిప్పి చూడగా తీగ పట్టు రంధ్రములు రెండుచోట్ల కనబడినవి. పై భాగమున కీబోర్డు, మౌసు తీగల సరసన నిలువుగా నొకటి. వానికి క్రింద విడిగా అడ్డముగా నొకటి. పైది మదర్‌బోర్డుది. క్రిందిది తరువాత ఎన్నడో అమర్చిన గ్రాఫిక్స్ కార్డుది. తీగ పై రంధ్రమున నుండెను.

ప్రత్యేకముగా గ్రాఫిక్స్ కార్డు అమర్చినపుడు అనేక యంత్రములు మదర్‌బోర్డు రంధ్రమునుండి బొమ్మను పంపుట మానుకొనును. కొన్ని ప్రాసెసర్లకైతే బొమ్మ గీయు శక్తియే యుండదు. వాని మదర్‌బోర్డుకు రంధ్రమున్నను అది చిత్రపటములోని తలుపువంటిదే. తీగ ఊడదీసి క్రింది రంధ్రమున తగిలించినంతనే తెర వెలిగినది. బాలిక దరఖాస్తు ఆ రాత్రియే పోయినది. పుస్తకముల సొమ్ము పుస్తకములకే మిగిలెను. సున్నము వేసిన దినమున తీగలు తగిలించినదెవరో ఎవరును అడుగలేదు, చెప్పువారును లేకపోయిరి.

క్రింది రంధ్రమునందును బొమ్మ రానిచో చేయవలసినదేమి? పెట్టె తెఱవవలసివచ్చును. కరెంటు తీగను గోడనుండి పూర్తిగా తీసి, పిమ్మట పెట్టె మీటను కొన్ని సెకనులు నొక్కిపట్టి లోపల మిగిలిన విద్యుత్తును పోనిచ్చి, ఇనుప చట్రమును చేతితో తాకి, అటుపిమ్మటనే లోపలి వస్తువులను ముట్టవలెను. మనుష్యుని దేహమున నిలిచిన స్థిర విద్యుత్తు తాకినవానికి తెలియకుండగనే సున్నితమైన భాగములను చెఱుపగలదు. ర్యామ్ అను పొడవాటి పలక తన గాడిలో వదులైనను, దాని యంచునగల బంగారువన్నె పట్టీలపై మురికి పట్టినను యంత్రము మేల్కొనలేదు, తెరకు వార్త పోదు. పలక రెండు కొసలను పట్టుకొని తీసి, పెన్సిలు చెరుపు రబ్బరుతో ఆ పట్టీలను మృదువుగా తుడిచి, పొడి దులిపి, కొసలనున్న కొక్కెములు టక్కుమని పడువఱకు అదిమినచో పలు యంత్రములు లేచి కూర్చుండును. ర్యాములు రెండున్నచో ఒక్కొక్కదానినే పెట్టి చూచుట పైన చెప్పిన అన్వయ వ్యతిరేకమే. గ్రాఫిక్స్ కార్డును సైతము ఇట్లే తీసి మరల కూర్చుండబెట్టవచ్చును. యంత్రము మేల్కొనునపుడు కీచుమని చేయు ధ్వనుల సంఖ్యకు అర్థములు కలవు. అవి తయారుచేసినవారిని బట్టి మాఱును గాన మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకమును పాఱవేయరాదు.

ముట్టరానివి రెండు. పెట్టెలో కరెంటును మార్చియిచ్చు ఎస్.ఎమ్.పి.ఎస్. అను డబ్బా ఒకటి, పాతకాలపు లావుపాటి గాజుగొట్టపు మానిటరు లోపలి భాగము రెండవది. ప్లగ్గు తీసిన పిమ్మటను వీనియందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. ఆ గాజుగొట్టము వేలకొలది వోల్టులతో పనిచేయునట్టిది. వీని మరలు విప్పుట తెలిసినవారి పనియే.

తెర వెలిగియు గీతలు పడినపుడు సాక్షిని పట్టుకొనుటకు సుకరోపాయము కలదు. మానిటరు తన మీటలతో తెఱచు సొంత పట్టికను తెరపై పెట్టి చూడవలెను. గీతలు ఆ పట్టిక మీదుగాను పోయినచో దోషము మానిటరుది. పట్టిక శుభ్రముగా నుండి, వెనుకటి బొమ్మ మాత్రమే చెదరియున్నచో దోషము తీగదో, పెట్టెదో. వేఱొక ఉపాయము: కీబోర్డుపై ‘ప్రింట్ స్క్రీన్’ మీటతో తెర బొమ్మను పట్టి, భద్రపఱచి, ఇంకొక యంత్రమునందో, చేతి ఫోనునందో తెఱచి చూచుట. అచ్చటను గీతలున్నచో అవి బొమ్మ పుట్టినచోటనే పుట్టినవి. లేనిచో దారిలోనో, చేరినచోటనో పడినవి.

ఎచ్చటను దోషము లేకయే కలుగు ఉపద్రవములు కొన్ని గలవు. విండోసు గుర్తుగల మీటతో ‘పి’ అక్షరమును నొక్కినచో, బొమ్మను రెండవ తెరకు మాత్రమే పంపు ఏర్పాటు తెలియక ఎన్నుకొనబడవచ్చును. రెండవ తెర లేనిచోట లోకమంతయు చీకటియే. అవే మీటలను మరల నొక్కుటతో అది తొలగును. కొన్ని యంత్రములందు కంట్రోల్, ఆల్ట్ మీటలతో బాణపు మీటను నొక్కగా తెర తలక్రిందులగును. పిల్లల చేతిలో ఇది జరిగినపుడు మానిటరునే తలక్రిందులు చేసి పనిచేసికొనినవారును లేకపోలేదట! పైబాణముతో అవే మీటలు నొక్కినచో తల పైకి వచ్చును. విండోసు, కంట్రోల్, షిఫ్టు మీటలను ‘బి’ అక్షరముతో కలిపి నొక్కినచో గ్రాఫిక్స్ డ్రైవరు అను సారథి దిగి మరల రథమెక్కును. తెర ఒక క్షణము మినుకుమని సరిపడినచో ఆ సారథియే నిద్రించినాడని గ్రహింపవలెను. క్రొత్త డ్రైవరు వేసిన పిమ్మట చిక్కు మొదలైనచో సేఫ్ మోడ్‌లో యంత్రమును తెఱచి, దానిని తొలగించి, పాతదానిని నిలుపుట మేలు. అక్షరములు అలికినట్లున్నచో తెర సహజ కొలతయైన 1920, 1080ను, లేక ఆ మానిటరుకు ఏది సహజమో దానిని, ఎన్నుకొనవలెను.

తెలుగు చదువరులకు మాత్రమే ప్రత్యేకమైన చిక్కు ఒకటి మిగిలియున్నది. తెర మంచిది, తీగ మంచిది, ఇంగ్లీషు చక్కగా కనబడును. తెలుగు అక్షరముల స్థానమున గళ్లుగళ్లుగా పెట్టెలు, లేనిచో అర్థములేని ఇంగ్లీషు అక్షరములు. గళ్లకు కారణము ఫాంటు లేకపోవుట. యూనికోడ్ విధానమున తెలుగు అక్షరములకు సొంత సంఖ్యలున్నవి. ‘క’ సంఖ్య 3093. సంఖ్య చేరినను, దానికి తగిన రూపమును గీయు ఫాంటు యంత్రమున లేనిచో గడియే మిగులును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి.తో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని నిర్మలా యు.ఐ. తోడైనది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన ఫాంటులను వాడువారును కలరు. రెండవ చిక్కు వేఱు. ‘అను’ మొదలగు పాత డి.టి.పి. ఫాంటులు తెలుగు ఆకృతులను ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలపై కూర్చుండబెట్టినవి. అట్లు కూర్చిన ప్రతిని ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో తెలుగు వేషము జారి ఇంగ్లీషు ముక్కలు బయటపడును. ప్రతి చెడిపోయినదని భావించి తుడిచివేయుట గాని, మొదటినుండి మరల కూర్చుట గాని చేయరాదు. ఆ ఫాంటును తెచ్చి చేర్చినంతనే వేషము యథాస్థానమునకు వచ్చును. ఇట్టి సంచికలను ఇతరులకు పంపునపుడు ఫాంటులతో సహా పి.డి.ఎఫ్.గా చేసి పంపినచో ఈ బెడద యుండదు.

ఇంతచేసియు తెర వెలుగని దినము రాకపోదు. అపుడు పట్టణమునకు పోవలసినదే. పోవునపుడు ఒక కాగితముపై ఏ దీపము వెలిగినది, ఏ మాటలు కనబడినవి, ఎన్ని కీచుధ్వనులు వినబడినవి, ఏ తీగ, ఏ మానిటరు మార్చి చూచినది వ్రాసికొని మరమ్మతుదారుని చేతికీయవలెను. ఆ కాగితమును చూచినవాడు పెట్టె తెఱువకుండ మదర్‌బోర్డు మాట ఎత్తుటకు కొంత సంకోచించును.

ఆ పల్లె గ్రంథాలయమునందు ఇప్పుడు పెట్టె వెనుక క్రింది రంధ్రమున తగిలించిన తీగకు ఎఱ్ఱదారము చుట్టియున్నది. పై రంధ్రమునకు కాగితపు ముక్క అతికించి దానిపై ‘ఇది కాదు’ అని వ్రాసినారు. చేతివ్రాత ఆ బాలికదే.